ఎడమ వైపు బిళ్ళ

మెడ పాఠం చెప్పేటప్పుడు నేను గోడకు బొమ్మ తగిలించను. నా మెడే చూపిస్తాను. అనంతపురంలో ఒక నర్సింగ్ కాలేజీలో శరీర నిర్మాణం చెప్పడం నా ఉద్యోగం. బొమ్మలో మెడ నున్నగా, రంగులు వేసి, ఏ గ్రంథి ఎక్కడుందో బాణం గుర్తుతో సహా ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి నూటికి ఎనభై తెచ్చుకుంటారు. తీరా వార్డుకు పోయాక, ముసలాయన ఎవరో చొక్కా గుండీ విప్పి కూర్చుంటే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక బిక్కమొహం వేస్తారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకని కొంగు సర్దుకుని, వాళ్ళ ముందు కుర్చీలో కూర్చుని, గడ్డం కింద మొదలుపెడతాను. గడ్డం కింద, దవడ కింద, చెవి ముందు, చెవి వెనక, తల వెనక. తర్వాత చెవి వెనక నుంచి రొమ్ము దాకా ఏటవాలుగా దిగే లావుపాటి కండరం వెంట కిందికి. ఆఖరున మెడ అడుగున అడ్డంగా ఉండే ఎముక పైన చిన్న గుంత. ఒక్కొక్కరినీ పిలిచి నా మెడ మీద వేళ్ళు పెట్టించి, తెలిసిందా అని అడుగుతాను. సిగ్గుపడే వాళ్ళను తిడతాను కూడా. పుస్తకం వీటిని శోషరస గ్రంథులు అంటుంది, పిల్లలు లింఫ్ నోడ్లు అంటారు, నేను మాత్రం బిళ్ళలు అంటాను. అది మా అమ్మ మాట.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. అమ్మ వార్పులు అతుకుతుంది. అంటే మగ్గం మీద కొన్ని చీరలకు సరిపడా నిలువు పోగుల వార్పు ఒకటి అయిపోయినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతుంది. వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకుని కూర్చుందంటే కళ్ళు ఎటున్నా వేళ్ళు పని చేసుకుపోతుంటాయి. పోగులో కంటికి కనపడని ముడి ఉన్నా ఆమె వేళ్ళకు తెలుస్తుంది. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, వాపు వచ్చినా మొదటి పరీక్ష ఆ వేళ్ళదే.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు గజ్జలో బిళ్ళ కట్టింది. నిమ్మకాయంత. నడవలేక ఏడుస్తూ ఇంటికి వస్తే అమ్మ బిళ్ళను ముట్టుకోనైనా ముట్టుకోలేదు. నన్ను గడప మీద కూర్చోబెట్టి పాదం ఒళ్ళో పెట్టుకుంది. "బిళ్ళ కట్టిందంటే కింద యాడో గాయం ఉండాది. బిళ్ళకు మందు లేదు మే, గాయానికే మందు," అంటూ అరికాలంతా తడిమింది. మడమలో ఎప్పుడో విరిగిపోయిన తుమ్మముల్లు దొరికింది. పిన్నీసుతో తవ్వి తీసింది. రెండు రోజుల్లో బిళ్ళ దిగిపోయింది.

నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నీ ఈ విషయంలో మా అమ్మ చెప్పినదానికి కొత్తగా చేర్చింది తక్కువే. ఒళ్ళంతా పారే శోషరసం ఒక్కో చోట నుంచి ఒక్కో బిళ్ళకు చేరుతుంది. బిళ్ళ ఉబ్బితే తప్పు బిళ్ళది కాదు, దానికి రసం పంపే చోటుది. ఏ బిళ్ళకు ఏ చోటు అన్నదే మేము నేర్పే పాఠం. అమ్మ మాటను పదేళ్ళుగా ప్రతి బ్యాచికీ చెబుతున్నాను. పిల్లలు నవ్వుతారు గానీ మరిచిపోరు.

ఒక బుధవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. నేను స్టాఫ్ రూములో డబ్బా విప్పుకుని కూర్చున్నాను.

"మీ నాయనకు మెడ కాడ బిళ్ళ కట్టినాది మే," అంది.

"పన్ను నొప్పేమైనా ఉందేమో చూడు," అన్నాను, నోట్లో ముద్ద పెట్టుకుంటూ. మెడలో బిళ్ళంటే పంటికో, గొంతుకో, తలలో పుండుకో కడుతుంది. సగం ఊరికి కడుతుంది.

"పన్ను గాదు. గొంతు కాడ గాదు ఇది. బాగా కింద. అడ్డం ఎముక ఉండాది సూడు, దాని పైన గుంతలో."

"ఏ పక్క?"

"ఎడమ."

నేను నమలడం ఆపేశాను. నొప్పి ఉందా అని అడిగాను. లేదంది. అటూ ఇటూ కదులుతోందా అన్నాను. "లేదు, రాయి మాదిరి ఉండాది," అంది. ఆ మూడు ప్రశ్నలే మేము పరీక్షలో అడుగుతాం. ఆ మూడు జవాబులూ రాసిన పిల్లకు పూర్తి మార్కులు వేస్తాను. మిగతా అన్నం పారేసి, డబ్బా కడుక్కుని, రెండు గంటల క్లాసుకు పోయాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

శనివారం రైలెక్కి ఇంటికి పోయేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. అప్పటికే గాయం దొరికిందట. నాయన ఎడమచేతి చూపుడువేలు గోరు పక్కన, అంగుళం పొడవున చీలిక. మగ్గం మీద కుడిచేత్తో, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె తాడు లాగుతారు, ఎడమచేత్తో చెక్కను ముందుకు కొట్టి పోగును బిగిస్తారు. రోజంతా కొట్టీ కొట్టీ ఆ వేలు కాయలు కాసి, ఎండాకాలం పగులుతుంది. అమ్మ ఆ పగులు నాకు చూపించి, "ఎడమచేతికి గాయం, ఎడమ పక్క బిళ్ళ. ఇంగ దీనికి డాక్టరెందుకు?" అంది. పసుపూ కొబ్బరినూనే గంటెలో వెచ్చ చేసి పొద్దునా సాయంత్రమూ పెడుతోంది.

మగ్గం మీద ఉన్నది మీగడ రంగు చీర. పసుపు అంటితే చీర పనికి రాకుండా పోతుంది. అందుకని నాయన వేలికి గుడ్డ చుట్టి, దాని మీద పాల ప్యాకెట్టు కత్తిరించిన ముక్క చుట్టి, దారం కట్టుకుని నేస్తున్నాడు. ఆ వేలు మిగతా చేతితో సంబంధం లేనట్టు నిక్కి నిలబడి ఉంది. "మీ అమ్మ నన్ను పెండ్లికొడుకును చేసినాది సూడు పాపా, పసుపు పెట్టి," అని నవ్వాడు.

నేను ఆయన వెనక నిలబడి మెడ మీద చెయ్యి వేశాను. పదేళ్ళుగా పరాయి మెడలు తడిమిన వేళ్ళు. గడ్డం కింద ఏమీ లేదు. దవడ కింద లేదు. కండరం వెంట పై నుంచి కింద దాకా ఏమీ లేదు. చివరి గుంతలో ఉంది. ఉసిరికాయంత. కిందికి అతుక్కుపోయి ఉంది.

తర్వాత ఎడమ చంక వెతికాను. నాయనకు గిలిగింత పుట్టి, "ఏందే ఇది," అన్నాడు. వేలి గాయానికైతే ముందు చంకలో బిళ్ళ కట్టాలి. అక్కడ ఒక్కటైనా దొరికితే చాలని ఎంత లోతుగా వెతికానో! మెత్తటి చర్మం తప్ప ఏమీ తగల్లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తోంది.

"దిగుతాది గదా?" అంది.

"పరీక్ష చేయిద్దాం మా. అనంతపురం పోదాం. సూదితో కొంచెం తీసి చూస్తారు."

"సూది పెడితే పాకుతాదంట. గాయం దొరికినాక సూదెందుకు? నువ్వే గదా పిల్లోళ్ళకు సెప్తావు నా మాట."

నా మాటే, ఆమె మాటే. పద్ధతి సరైనదే. దారి మాత్రం వేరు. ఎడమ వైపు ఆ గుంతకు చేతి రసమొక్కటే రాదు. రెండు కాళ్ళ నుంచి, పొట్టలో పేగుల నుంచి, కడుపు నుంచి వచ్చే రసమంతా వెన్నెముక ముందు ఒక సన్నటి గొట్టంలో పైకి ఎక్కి, ఎడమ మెడ అడుగునే రక్తంలో కలుస్తుంది. అందుకే కడుపులో పుట్టిన చెడు ఒక్కోసారి ముందు అక్కడ బయటపడుతుంది. ఇది ఒక్క వాక్యం. మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలను, ఆమెకు అర్థమవుతుంది కూడా. అదే భయం. చెప్పలేకపోయాను.

నాయన తన మాట తను చెప్పాడు. "ఈ వార్పు దిగనీ. ఇంకొకటిన్నర చీర ఉండాది. ఆపైన యాడికంటే ఆడికి వస్తా." నేతగాళ్ళ ఇంట్లో కాలం వార్పులతోనే నడుస్తుంది. పెళ్ళి చూపులైనా, కంటి ఆపరేషనైనా వార్పు దిగినాకే. నేను కోప్పడ్డాను. నొప్పి లేకపోవడమే భయపడాల్సింది అన్నాను. "నొప్పి లేనిదానికి బయమేందే," అని ఆయన నాడె తాడు అందుకున్నాడు. నా కోపం ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపమని పేరు పడిపోయాను కాబట్టి, నిజంగా భయపడి అరిచినా అది మామూలు కోపంలాగే వినపడుతుంది.

ఆ మూడు వారాలు నేను చేసింది ఏమిటంటే, నాయనకు క్షయ అయి ఉండాలని కోరుకోవడం. మెడలో క్షయ బిళ్ళలు మా వైపు కొత్త కాదు. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది. క్షయ అని తేలిన ఆడపిల్లలు ఏడుస్తుంటే ధైర్యం చెప్పి పంపిన దాన్ని, క్షయ కోసం దేవుళ్ళకు దండాలు పెట్టాను. క్షయ బిళ్ళలు ఇట్లా ఒంటరిగా ఆ గుంతలో కూర్చోవడం తక్కువని నాకు తెలుసు. తెలిసీ పెట్టాను.

ప్రతి ఆదివారం అమ్మ వేలికి కట్టు విప్పి చూపించేది. పగులు మూసుకుంటోంది. ఆమె పనితనానికి వంక పెట్టడానికి లేదు. నాయన సగం అన్నం వదిలేసి లేస్తూ, "మగ్గం గుంతలో వంగి కూచునేవానికి కడుపు నిండా తింటే ఆయాసం," అన్నాడు. లుంగీ ముడి ముందుకంటే లోపలికి వచ్చింది. అవన్నీ చూశాను. బస్సు సీట్లో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. పదేళ్ళ చదువు, పదేళ్ళ ఉద్యోగం, ఒక మనిషిని మగ్గం మీద నుంచి లేపలేకపోయాయి.

లేపింది పక్కింటి సాయిబు. పరుపులు కుట్టి అమ్ముతాడు, నాయనకు ముప్పై ఏళ్ళ స్నేహం, నేను చిన్నాయనా అంటాను. నేను ఫోన్లో అంతా చెప్పాను. మొదటిసారి ఒక మనిషితో పూర్తిగా చెప్పింది ఆయనకే. అంతా విని, "సరే పాపా," అన్నాడు. మర్నాడు పొద్దున్నే మగ్గం గుంత దగ్గరికి వచ్చి, "ఏమప్పా అన్నా, నీ మగ్గం యాడికి పోతాది, ఈణ్ణే ఉంటాది. లెయ్యి. బండి మీద కూచో," అన్నాడట. చీర ఇంకా మూరెడు మిగిలే ఉంది. నాయన ఎదురు చెప్పకుండా లేచాడంటే నాకు ఆశ్చర్యం వేసింది. అప్పుడే అనుమానం రావాల్సింది.

అనంతపురంలో సూదితో తీశారు. రెండు నిమిషాల పని. నాయన కిక్కురుమనలేదు. డాక్టరు చిన్న వయసువాడు, మర్యాదగా మాట్లాడాడు. కడుపులో నొప్పి, మంట ఏమైనా ఉందా పెద్దాయనా అని అడిగాడు.

"లేదు సార్," అన్నాడు నాయన.

"ఆకలి?"

"మా ఇంట్లో ఆమె పెట్టిందంతా తింటా."

వారం తర్వాత కడుపులోకి గొట్టం వేసి కూడా చూశారు. ఆ సాయంత్రం డాక్టరు నన్ను లోపలికి పిలిచి, నేనూ ఆ చదువు దాన్నే కాబట్టి, ఇంగ్లీషులోనే చెప్పాడు. క్యాన్సర్ కడుపు పై భాగంలో పుట్టింది, ఆపరేషన్‌తో తీసే దశ దాటిపోయింది, మందులు ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసి రావచ్చు. పుస్తకంలో ఆ పేరా నాకు కంఠతా వచ్చు. ఆయన చెప్పే ప్రతి వాక్యానికీ తర్వాతి వాక్యం నాకు ముందే తెలుస్తోంది. తల ఊపుతూ కూర్చున్నాను, మంచి విద్యార్థినిలా.

బయట వరండాలో నాయన, చిన్నాయన బెంచీ మీద కూర్చుని ఒకే గ్లాసు టీ చెరి సగం తాగుతున్నారు. ఏమన్నాడని నాయన అడగలేదు. "అయిపోయినాదా? పోదామా?" అన్నాడు. చిన్నాయన నా ముఖం చూసి, గ్లాసు కింద పెట్టి, బండి తీసుకొస్తానని అవతలికి పోయాడు.

మందులు ఎక్కించాలి, వచ్చే వారం మొదలుపెడతారు అని నాయనకు చెప్పాను. "ఎన్ని సార్లు?" అన్నాడు. చెప్పాను. మళ్ళీ ఏమీ అడగలేదు. చెప్పే పని నాకు తేలిక చేస్తున్నాడని అప్పుడు తెలియదు. లోపల ఎక్కడో కోపం కూడా వచ్చింది, ఈయనకు దేనికీ ఖాతరు లేదని.

మర్నాడు పదకొండు గంటలప్పుడు ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. నాయన మంచం మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. అమ్మ ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని వేలి కట్టు విప్పింది. పగులు జాడైనా లేదు. లేత చర్మం వచ్చింది. వేలును వెలుతురుకు తిప్పి చూసి, తర్వాత లేచి మెడ తడిమింది. బిళ్ళ ముందుకంటే పెరిగింది. ఆ వేళ్ళకు ఆ సంగతి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

నా వైపు తిరిగింది. "గాయం మానిపోయినాది. బిళ్ళ దిగలేదు. ఎందుకు దిగలేదు?"

నేను విప్పిన కట్టు గుడ్డ అందుకుని మడత పెట్టాను.

"నిన్నే అడుగుతాండేది. ఇంతమంది పిల్లోళ్ళకు సెప్తావే, ఏ బిళ్ళకు యాడ గాయమో. మీ నాయనకు యాడ ఉండాది గాయం? నేను తప్పు సోట పెట్టినానా పసుపు?"

ఆ ఆఖరి ప్రశ్న నన్ను పడగొట్టింది. నెల రోజులు ఆమెను ఆ వేలి దగ్గరే కూర్చోబెట్టింది నేను. నిజం చెప్పే దమ్ము లేక, ఆమె రోజూ పసుపు వెచ్చ చేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. చెయ్యి ఎత్తి, నా పొట్ట మీద, రొమ్ము ఎముక కింద చూపించాను.

"లోపల మా. కడుపులో. దాని నుంచి పైకి వచ్చింది."

ఏడుస్తుందనుకున్నాను. ఎంత పెద్దదనో, మానుతుందా అనో అడుగుతుందనుకున్నాను. అమ్మ నా చెయ్యి ఉన్న చోటునే కాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి పోయింది. గంటెలో నూనె పోసిన చప్పుడు, పొయ్యి వెలిగించిన చప్పుడు వినపడింది. పసుపు వాసన వచ్చింది. వద్దని చెబుదామని లేచాను. ఏమని చెప్పాలి? దానివల్ల ఉపయోగం లేదనా? నేను చేయించబోయే దానివల్ల ఎంత ఉపయోగమో డాక్టరు నాతో చెప్పాడు కదా. మళ్ళీ కూర్చున్నాను.

అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నాయన బనియన్ పైకి జరిపి, గోరువెచ్చటి పసుపు రెండు వేళ్ళతో తీసి పొట్ట మీద పెట్టింది. బొడ్డుకు కొంచెం పైన. అక్కడ నుంచి మెల్లగా చుట్టూ రాయడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు చర్మం కింద ఏదో ముడి కోసం వెతుకుతున్నాయి. నాయన కళ్ళు తెరవలేదు.

"ఆడ గాదు," అన్నాడు. "ఇంకొంచెం పైన."

అమ్మ చెయ్యి ఆగింది. తర్వాత పైకి జరిగింది. "ఈడనా?"

"ఎడమకు రా. ఇంగొంచెం. ఆ, ఆడ్నే."

చెయ్యి పెట్టి చూసుకోలేదు, తడుముకోలేదు. ఏళ్ళ తరబడి నడిచిన సందు గురించి చెప్పినట్టు చెప్పాడు. అమ్మ అక్కడే చెయ్యి ఉంచేసింది. ఎన్నాళ్ళ నుంచి అని అడగడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.